మూడో గదిలో ఎనిమిది వందల పెట్టెలు

"ఏమయ్యా పాషా, కుళ్ళిన అరటిపండుని చూసి ఇది కుళ్ళిందని చెప్పడానికి పీహెచ్‌డీ ఎందుకయ్యా?"

అడిగింది ఉమామహేశ్వరరావు గారు. ఆస్ట్రేలియాలో, టూవూంబా యూనివర్సిటీలో లెక్కలు చెబుతారు. అడిగిన చోటు క్వీన్స్ పార్కు. 1998 మార్చిలో ఒక ఆదివారం, ఊళ్ళో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలూ, పక్క ఊళ్ళ నుంచి వచ్చిన మరో మూడూ కలిసి బార్బెక్యూ పెట్టుకున్నాయి. రావుగారి చేతిలో పటకారు, ఎదురుగా పొయ్యి, దాని మీద మాడుతున్న చికెన్. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. మహబూబ్ పాషా కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకో ప్రశ్న వచ్చేలా ఉంది.

నిజానికి దానికి మంచి జవాబే ఉంది. కుళ్ళిన పండుని చూసి కుళ్ళిందని ఎవడైనా చెబుతాడు. పచ్చగా, గట్టిగా, నిగనిగలాడుతూ లారీ దిగిన కాయని చూసి, ఇది ఇంకో పదిహేను రోజులకి ఎక్కడ మొదలుపెట్టి ఎంత మేర కుళ్ళుతుందో చెప్పడానికే పీహెచ్‌డీ. ఈ జవాబు పాషాకి ఇంటికెళ్ళే దారిలో, రెండో సిగ్నల్ దగ్గర తట్టింది. పక్కన కూర్చున్న భార్య హమీదాకి చెప్పాడు.

"అక్కడ చెప్పాల్సిందండీ," అంది ఆవిడ. "నాకు చెబితే ఏం లాభం? నేనేం అడగలేదు కదా."

పాషాది రావులపాలెం దగ్గర ఒక లంక గ్రామం. తండ్రి అరటి మార్కెట్లో గెలలు ఎగుమతి చేసే షావుకారు దగ్గర గుమాస్తా. కొడుకు బాపట్లలో వ్యవసాయం చదివి, మొక్కల జబ్బుల్లో ఎమ్మెస్సీ చేసి, స్కాలర్‌షిప్ మీద క్వీన్స్‌ల్యాండ్ వచ్చి, మూడున్నరేళ్ళు కూర్చుని రెండు వందల పన్నెండు పేజీల థీసిస్ రాశాడు. దాని విషయం కోసిన అరటిపండుకి పట్టే ఒక కుళ్ళు. ఇంగ్లీషులో క్రౌన్ రాట్ అంటారు. పాషా పుట్టిన ఊళ్ళో దానికి పేరే లేదు. పేరు ఎందుకుంటుంది? అక్కడ గెల గెలగానే చెట్టు దిగుతుంది, గెల గెలగానే లారీ ఎక్కుతుంది. ఇక్కడ అలా కాదు. గెలని తోటలోనే హస్తాలుగా కోసి, నీళ్ళలో కడిగి, అట్టపెట్టెల్లో పేర్చి, పదిహేను వందల కిలోమీటర్లు పంపుతారు. కోసిన చోట గాయం. పళ్ళన్నీ కలిసే ఆ మొదలు దగ్గర రెండంగుళాల తడి గాయం. ఆ గాయంలోకి బూజు దిగుతుంది. ముందు తెల్లగా నూగు, తరవాత నలుపు, ఆ నలుపు తొడిమల్లోకి పాకుతుంది. పండు మాత్రం పైకి బంగారంలా మెరుస్తూనే ఉంటుంది. కొనేవాడు హస్తాన్ని పట్టుకుని పైకెత్తగానే పళ్ళు ఒక్కొక్కటే ఊడి నేల మీద పడతాయి.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఈ కుళ్ళు ఏ ఒక్క బూజు పనీ కాదు. అయిదారు రకాలు కలిసి చేస్తాయి. విడిగా చూస్తే ఒక్కదానికీ పెద్ద సత్తువ లేదు. ఒక గాయం దొరికి, పక్కపక్కన కూర్చునే అవకాశం వస్తే మాత్రం, ఎవరి వంతు వాళ్ళు నిదానంగా కానిస్తారు. తెలుగు సంఘం కమిటీ మీటింగుల్లో కూర్చున్నప్పుడు పాషాకి తన థీసిస్‌లో నాలుగో అధ్యాయం తరచు గుర్తొచ్చేది.

చదువైపోయాక పరిశోధన ఉద్యోగం రెండేళ్ళు దొరికింది, ఆ తరవాత దానికి డబ్బు ఆగిపోయింది. 1994లో టూవూంబాలో డెస్ అనే ఆయన గోదాములో చేరాడు. ఉత్తరాన తోటల నుంచి వచ్చే పచ్చి కాయని చల్లటి గదుల్లో మాగబెట్టి సూపర్‌మార్కెట్లకి పంపే గోదాం అది. గదులు నాలుగు. వాటిల్లో వేడి ఎంతుండాలి, కాయని పండించే గ్యాసు ఎప్పుడు వదలాలి, తలుపు ఎప్పుడు తియ్యాలి, ఇదంతా పాషా పని. డెస్ అతన్ని 'డాక్' అని పిలిచేవాడు. ఊళ్ళో తెలుగువాళ్ళు 'అరటిపళ్ళ డాక్టరు' అనేవాళ్ళు. హమీదా పెద్దాసుపత్రిలో నర్సు. ఆవిడకి ఇద్దరు డాక్టర్ల మధ్య తేడా బాగా తెలుసు కాబట్టి ఏమీ అనేది కాదు.

అప్పుడొచ్చింది కంప్యూటర్ల కాలం.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి తేదీ అర్థం కాక ప్రపంచం ఆగిపోతుందని, దాన్ని ఆపగలిగేవాళ్ళు హైదరాబాద్ నుంచే రావాలని అందరికీ ఒకేసారి తెలిసింది. వంతెనలు కట్టేవాళ్ళు, పళ్ళు పీకేవాళ్ళు, చరిత్ర పాఠాలు చెప్పేవాళ్ళు, అందరూ ఆరు వారాల్లో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని ప్రపంచాన్ని కాపాడడానికి సిడ్నీ వెళ్ళిపోతున్నారు. ఉమామహేశ్వరరావు గారు తన గరాజులోంచి కారు బయటపెట్టి, అందులో ఎనిమిది కుర్చీలు, ఒక తెల్లబోర్డు పెట్టి శనివారం క్లాసులు మొదలుపెట్టారు. హమీదా పోరు పడలేక పాషా కూడా వెళ్ళాడు. మూడు క్లాసులు వెళ్ళాడు. మూడో క్లాసులో చెయ్యెత్తాడు.

"ఏమండీ, ఈ తేదీలో పంతొమ్మిది రాయకుండా రెండంకెలు మిగుల్చుకున్నది ఎవరండీ?"

"మొదట్లో ప్రోగ్రాములు రాసినవాళ్ళు. చోటు తక్కువుండేది కదయ్యా."

"ఇప్పుడు గంటకి డెబ్బై డాలర్లు తీసుకుని ఆ రెండంకెలూ మళ్ళీ పెడుతున్నది?"

"వాళ్ళే. వాళ్ళ తరవాతివాళ్ళు."

"ఈ పద్ధతి మా గోదాంలో నేను చేస్తే పోలీసుల్ని పిలుస్తారండి," అన్నాడు పాషా. నాలుగో క్లాసుకి వెళ్ళలేదు.

ఆ గరాజుకి వెళ్ళనక్కర్లేనివాడు ఒకడుండేవాడు. పేరు సాకేత్, ఊరు కరీంనగర్, వయసు ఇరవై ఆరు. బ్రిస్బేన్‌లో ఒక కంపెనీ ద్వారా వచ్చి, చుట్టుపక్కల ఊళ్ళలో చిన్న వ్యాపారాలకి వైటూకే, అంటే ఈ రెండువేల సంవత్సరం పరీక్షలు చేసేవాడు. ఒంటరి కుర్రాడు కదా అని హమీదా ప్రతి ఆదివారం అన్నానికి పిలిచేది. వాడు కూడా మొహమాటపడేవాడు కాదు. పప్పుచారు మూడోసారి వడ్డించుకుంటూ తన జీతం ఎంతో చెప్పేవాడు. పాషా కూతురు ఫరహ్, పదకొండేళ్ళది, అది విని వేళ్ళ మీద లెక్కేసి, "డాడ్, సాకేత్ అన్న ఒక్క వీక్‌లో సంపాదించేది నీకు మంత్‌లో కూడా రాదు," అని తండ్రికి ఇంగ్లీషులో విన్నవించింది. పాషా ఆ పూట పెరుగు వేసుకోకుండా లేచాడు.

1999 జూలైలో డెస్‌కి సూపర్‌మార్కెట్ నుంచి ఉత్తరం వచ్చింది. రెండువేల సంవత్సరానికి సిద్ధంగా ఉన్నట్టు కాగితాలు చూపించని వ్యాపారుల దగ్గర సరుకు కొనరట. డెస్ ఆ ఉత్తరాన్ని పాషా చేతిలో పెట్టి, "డాక్, ఈ కంప్యూటర్ల గొడవ మీవాళ్ళకి బాగా తెలుసంటారు. ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. పాషా సాకేత్‌ని తీసుకొచ్చాడు.

సాకేత్ గోదాంలో నెలన్నర ఉన్నాడు. చూసిన ప్రతి వస్తువుకీ పరీక్ష చేసి ఆకుపచ్చ స్టిక్కర్ అంటించాడు. ఫ్యాక్సుకి అంటించాడు, కాటాకి అంటించాడు, పెట్టెలు మోసే చేతిబండికి కూడా అంటించాడు. గదుల్లో వేడిని అదుపుచేసే యంత్రం దగ్గర నాలుగు రోజులు పట్టింది. అది 1983లో కొన్న పెట్టె. దానికి ఏ సంవత్సరమో తెలియదు, ఏ నెలో తెలియదు, ఏ వారమో కూడా తెలియదు. దానికి తెలిసినవల్లా వేడీ, చలీ. ఈ సంగతి పాషా మొదటిరోజే చెప్పాడు. సాకేత్ నాలుగు రోజుల తరవాత పదహారు పేజీల్లో అదే రాసిచ్చాడు. డెస్ రెండోదానికి డబ్బిచ్చాడు.

చివరికి మిగిలింది ఒక్కటే. ఒకవేళ ఏదైనా ఆగిపోతే ఏం చెయ్యాలో చెప్పే ప్రణాళిక. ముప్ఫై ఒక్క పేజీలు. దాని చివర సరుకు సంగతి తెలిసిన నిపుణుడి సంతకం కావాలి.

అది డిసెంబర్, పైగా రంజాన్ నెల. ఆస్ట్రేలియా ఎండాకాలంలో రోజా అంటే పద్నాలుగు పదిహేను గంటలు గుక్కెడు నీళ్ళు లేకుండా ఉండడం. ఆ స్థితిలో పాషా రోజంతా మాగుతున్న పళ్ళ వాసన మధ్య తిరిగి ఇంటికొచ్చేవాడు. ఒక మంగళవారం సాయంత్రం ఇఫ్తార్‌కి సాకేత్‌ని కూడా పిలిచారు. బల్ల మీద ఖర్జూరాలు, పకోడీలు, అరటిపండు ముక్కలేసిన ఫ్రూట్ చాట్, వెనక వంటింట్లో బిర్యానీ. పొద్దు గుంకడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. సాకేత్ ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అంకుల్, జర ఒక్క సంతకం."

"ముప్ఫై తొమ్మిదేళ్ళవాణ్ణి పట్టుకుని అంకులేంటయ్యా?"

"మరేమనాలె? డాక్టర్ సాబ్ అనాల్నా? గిదో చూడుండ్రి, గట్లనే టైప్ చేసిన. 'డాక్టర్ మహబూబ్ పాషా, ప్రొడక్ట్ ఎక్స్‌పర్ట్'. మంచిగున్నదా?"

మంచిగానే ఉంది. అయిదేళ్ళ ఉద్యోగంలో ఆ మాట ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

"ఏముంది ఇందులో?"

"ఏముంటది అంకుల్, మామూలే. కరెంట్ పోతే జనరేటర్, ట్రక్స్ రాకపోతే స్టాక్, ఫోన్లు బంద్ అయితే వాకీటాకీ. అంతా కామన్ సెన్సే. చదువుడేం లేదు, నేనే రాసిన కదా."

ఇక్కడ పాషా చేసిన తప్పు ఏ ఆస్ట్రేలియావాడూ చెయ్యడు. మనవాళ్ళే చెయ్యగలరు. మనం ఇంటికి పిలిచి, విస్తరి ముందు కూర్చోబెట్టిన అతిథి ఒక కాగితం ఇస్తే దాన్ని పేజీ పేజీ తిప్పి చదవడమంటే వాణ్ణి నమ్మలేదని చెప్పడమే. కాగితం చదివితే మర్యాద పోతుంది. చదవకపోతే మహా అయితే ఏం పోతుంది? పాషా కలం తీశాడు. హమీదా ఖర్జూరాల పళ్ళెం ముందుకి జరిపింది. రేడియోలో అజాన్ టేపు మొదలయ్యేలోపు సంతకం అయిపోయింది, కింద తేదీ కూడా వేశాడు. సంవత్సరం నాలుగంకెల్లో వేశాడు.

ఆ నెల ఇరవయ్యో తారీఖున ఉత్తరాన టల్లీ అనే ఊరి దగ్గర కెవ్ డూలన్ అనే రైతు తోట నుంచి ఎనిమిది వందల పెట్టెలు వచ్చాయి. ఎప్పుడూ వచ్చేదానికి రెట్టింపు. పెట్టె పద్నాలుగు డాలర్లు. కాయ బాగుంది. పాషా తన అలవాటు ప్రకారం లోడులోంచి ఒక పెట్టె తీసి, తేదీ రాసి, ఆఫీసు వెనక అల్మారాలో పెట్టాడు. మామూలు వేడికి అది ఎలా పండుతుందో చూసి, ఫొటో తీసి, పుస్తకంలో రాసుకుంటాడు. ఎవరూ అడగని పని ఇది. మిగతావి మూడో గదిలోకి వెళ్ళాయి.

"ఎల్లుండి గ్యాసు వదలనా?" అని డెస్‌ని అడిగాడు.

"వద్దు. జనవరి మూడున. అప్పటిదాకా చల్లగా పడి ఉండనీ. ప్లాన్‌లో అలాగే ఉంది."

"పద్నాలుగు రోజులా? ఎక్కువ కదా?"

"ఒకటో తారీఖున ట్రక్కులు ఆగిపోతే సూపర్‌మార్కెట్‌కి ఏం పంపను, నా టోపీనా?"

పాషా గది తలుపు వేశాడు. మధ్యాహ్నం మూడు గంటలు. నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉంది. పద్నాలుగు డిగ్రీల్లో ఉంటే ఏమీ కాదులే అనుకున్నాడు. పది రోజులు దాటితే ఏమవుతుందో థీసిస్‌లో పదిహేడో పట్టికలో లెక్కలతో సహా చూపించినవాడు తనే అని ఆ క్షణంలో గుర్తు రాలేదు. లేక గుర్తొచ్చినా నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడే ఓపిక లేకపోయిందో.

కొత్త సంవత్సరం వచ్చింది. కరెంటు పోలేదు. ఫోన్లు మోగాయి. ట్రక్కులు రోడ్ల మీద యథాప్రకారం ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్ళాయి. ప్రపంచాన్ని కాపాడినవాళ్ళు తామే కాపాడామన్నారు. కాదనడానికి ఎవరి దగ్గరా రుజువు లేదు. మూడో తారీఖున గదిలోకి గ్యాసు వదిలారు. ఏడో తారీఖు శుక్రవారం పాషా తలుపు తీశాడు.

ముందు వాసన వచ్చింది. పండిన పండు వాసన కాదు, దాని వెనక నక్కి ఉండే ఇంకో వాసన. మొదటి పెట్టె మూత తీశాడు. పళ్ళు పసుపుపచ్చగా, ఒకే రంగులో, ఫొటోకి పనికొచ్చేలా ఉన్నాయి. హస్తాన్ని పట్టుకుని ఎత్తాడు. చేతిలో నల్లటి మొదలు మిగిలింది. పళ్ళన్నీ కింద పడ్డాయి. పదో పెట్టె, యాభయ్యో పెట్టె, వెనక వరసలో అడుగున ఉన్న పెట్టె, అన్నిటిదీ ఒకటే వరస. ఆ సాయంత్రానికల్లా గదిలో పెట్టెలన్నీ పశువుల దాణా కింద ఒక డెయిరీ ఫారానికి వెళ్ళిపోయాయి. ఆవులకి క్రౌన్ రాట్ అభ్యంతరం లేదు.

డెస్‌కి కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గుతుంది. ఆ రోజు దాదాపు వినపడలేదు.

"ఆ వేడి అదుపుచేసే యంత్రం తేదీ చూసి తికమకపడిందా?"

సాకేత్‌ని పిలిపించారు. వాడు వచ్చి స్టిక్కర్ చూపించాడు. "సర్, దానికి డేటే లేదు, తికమక ఎట్లయితది? నా రిపోర్టులో పేజీ త్రీ చూడుండ్రి," అని ఇంగ్లీషులో చెప్పాడు. పాషా వేడి నమోదు చేసే కాగితం చుట్ట విప్పి చూపించాడు. పద్నాలుగు రోజులూ పద్నాలుగు డిగ్రీలే.

"అయితే రైతుదే తప్పు," అన్నాడు డెస్. "కాయ వచ్చేటప్పటికే జబ్బుతో వచ్చింది. డాక్, రెండు లైన్లు రాసివ్వు. అంతే రాయి. కెవ్‌కి పదకొండు వేల రెండు వందలు ఇవ్వాలి, అది నేనివ్వను. ఏప్రిల్ నుంచి ఇక్కడ మేనేజర్ ఒకడు కావాలి, ఆలోచించు. రాయకపోతే అది కూడా ఆలోచించు."

ఎనిమిది వందల పెట్టెలకి పద్నాలుగు చొప్పున పదకొండు వేల రెండు వందల డాలర్లు. పాషా రెండు లైన్లు రాస్తే కెవ్‌కి ఆ డబ్బు రాదు. రాయకపోతే పాషాకి ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఇందులో ఇబ్బంది ఏమిటంటే ఆ రెండు లైన్లూ అబద్ధం కాదు. బూజు బీజాలు ప్రతి కాయతోనూ వస్తాయి. ఏ తోట కాయైనా, ఎంత కడిగినా, వచ్చేటప్పటికి జబ్బు దాని మీద ఉండనే ఉంటుంది. నూటికి తొంభై పాళ్ళు నిజం. అంత నిజం ఉన్న అబద్ధం రోజూ దొరకదు.

ఆ సాయంత్రమే కెవ్ ఫోన్ చేశాడు. పాషా అతన్ని ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు.

"ఏంటి డాక్, నా కాయ కుళ్ళిందంట? నేను నీళ్ళు పూటకోసారి మారుస్తాను. మందు డబ్బాలు లెక్కపెట్టుకో కావాలంటే. ఇదే రోజు ఇదే కాయ బ్రిస్బేన్ పంపాను, అక్కడివాళ్ళు ఇంకా పంపమంటున్నారు." అసలు సంగతికొచ్చి, "ఈ డబ్బు రాకపోతే ఫిబ్రవరిలో కోతవాళ్ళకి కూలి ఇవ్వలేను. సరేగానీ, పద్దెనిమిది రోజులు నువ్వేం చేశావ్ దాన్ని? కథలు చెప్పావా?" అన్నాడు.

మర్నాడు ఈద్. యూనివర్సిటీ హాల్లో నమాజు చేసుకుని, కౌగిలింతలు అయ్యాక, ఇంటికి రాగానే పాషా కొత్త బట్టలతోనే గోదాంకి వెళ్ళాడు. అల్మారాలో పెట్టె ఖాళీగా ఉంది. అందులో పళ్ళు ఇరవై తొమ్మిదో తారీఖునే పండాయి, ఇఫ్తార్‌కి తనే ఇంటికి తీసుకెళ్ళాడు. పుస్తకంలో ఆ రోజు రాసుకున్నది ఒక్కటే మాట, 'శుభ్రం'. పక్కన ఫొటో. మొదలు దగ్గర చిన్న మచ్చ కూడా లేదు. అదే తోట, అదే కోత, అదే లారీ. తేడా అల్లా పద్నాలుగు రోజుల నిల్వ.

అప్పుడు ఫైలు తీసి ప్రణాళిక చదివాడు. జీవితంలో మొదటిసారి చదివాడు. తొమ్మిదో పేజీలో ఉంది: పచ్చికాయ రెండు వారాల నిల్వ ఉంచాలి. ముప్ఫై ఒకటో పేజీలో ఉంది: దీన్ని పరిశీలించి ఆమోదించినవారు, డాక్టర్ మహబూబ్ పాషా.

మధ్యాహ్నం బిర్యానీ వేళకి సాకేత్ మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చాడు. ఈద్ ముబారక్ అన్నాడు, రెండు ముద్దలు తిన్నాడు, మూడో ముద్ద కలుపుతూ ఆగాడు.

"అంకుల్, రిపోర్ట్ల పేజీ నైన్ సంగతి రాయకుండ్రి. నాకు కాన్‌బెర్రాల కాంట్రాక్ట్ వస్తున్నది. గవర్నమెంట్ది. డెస్ సార్ మంచిగ చెప్పాలె."

"రెండు వారాలన్న లెక్క ఎక్కణ్ణుంచి తెచ్చావయ్యా?"

"డబ్బా పాలు, బియ్యం, గోధుమపిండి, గిట్లాంటి గోదాంల కోసం ఒక టెంప్లేట్ ఉన్నది. అండ్ల పేరు మార్చిన."

"బియ్యం తీసి అరటిపండు పెట్టావా?"

"ఫైండ్ అండ్ రిప్లేస్, అంకుల్. మీరు సంతకం పెట్టిన్రు కదా, కరెక్టే అనుకున్న."

దీనికి జవాబు హమీదా దగ్గరుంది. ఆవిడ రైతా గిన్నె కింద పెట్టింది.

"మా వార్డుకి రోగి జబ్బుతోనే వస్తాడు బాబూ. రెండు వారాలు వాణ్ణి మూలన పడుకోబెట్టి, చచ్చాక కేసు షీటులో 'వచ్చేటప్పటికే జబ్బుతో వచ్చాడు' అని రాస్తే మమ్మల్ని ఊరుకుంటారా?" తరవాత మొగుడి వైపు తిరిగింది. "అలాగని ఏదో ఆవేశంలో రాసెయ్యకండి. ఇంటి లోను ఇంకా పదిహేడేళ్ళుంది. అది కూడా పక్కన పెట్టుకుని రాయండి."

పాషా ఆదివారమంతా రాశాడు. దీన్ని నిజాయితీ అని పొగడక్కర్లేదు. మనవాళ్ళు ఎవడైనా నిజం చెబితే వెంటనే శాలువా కప్పుతారు, వాడు ఎందుకు చెప్పాడో అడగరు. పాషాకి కెవ్ డూలన్ అంటే ప్రత్యేకమైన ప్రేమ లేదు. డెస్ మీద పగా లేదు. మేనేజరు పని మీద ఆశ మాత్రం ఉంది. కానీ ఆ రెండు లైన్లు రాస్తే తన పదిహేడో పట్టిక తప్పని తనే రాసినట్టవుతుంది. మూడున్నరేళ్ళు, నలభై వేల పళ్ళు, రెండు వందల పన్నెండు పేజీలు, ప్రపంచంలో బహుశా తొమ్మిదిమంది చదివిన ఆ పుస్తకం, దాన్ని తన చేత్తో కొట్టెయ్యాలి. ఉద్యోగం వదులుకోగలిగేవాడేమో గానీ, ఆ పట్టిక వదులుకోవడం అతని వల్ల కాలేదు. దాన్ని అహంకారం అనొచ్చు. కెవ్‌కి ఏ పేరైనా ఒకటే.

నివేదిక ఆరు పేజీలు వచ్చింది. గాయం మీద దొరికిన బూజుల పేర్లు నాలుగు, మైక్రోస్కోపు బొమ్మలు రెండు, అల్మారా పెట్టె ఫొటో ఒకటి, వేడి లెక్కలు. గదిలో ఏ యంత్రమూ చెడలేదు, తోటలో ఏ పనిలోనూ లోపం లేదు, రెండువేల సంవత్సరం భయంతో కాయని పద్నాలుగు రోజులు అనవసరంగా నిల్వ ఉంచడమే కారణం అని తేల్చాడు. చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగి, రాశాడు: 'ఈ నిల్వని ఆమోదిస్తూ సంతకం చేసిన నిపుణుడు, ఈ నివేదిక రాసినవాడు ఒకరే.'

డెస్ సోమవారం అది చదివాడు. "నేనడిగింది రెండు లైన్లు," అన్నాడు.

"రెండింట్లో ఇమడలేదు," అన్నాడు పాషా.

ఉద్యోగం పోలేదు. నాలుగు గదులూ నడపడం ఇంకెవరికీ రాదు, ఆ సంగతి డెస్‌కి తెలుసు. మేనేజరుగా ఏప్రిల్‌లో ఇంకొకరు వచ్చారు. 'డాక్' అన్న పిలుపు పోయి 'మహబూబ్' వచ్చింది, అదీ తప్పుగా పలికేవాడు. నివేదిక నకలు సూపర్‌మార్కెట్‌వాళ్ళు కూడా అడిగి తీసుకున్నారు కాబట్టి రైతుదే తప్పనే దారి మూసుకుపోయింది. డెస్ ఫిబ్రవరిలో కెవ్‌కి సగం, అంటే అయిదు వేల ఆరు వందల డాలర్లు పంపి, మిగతా సగం ఇన్సూరెన్సు రాగానే ఇస్తానన్నాడు.

ఇన్సూరెన్సు తరఫున బ్రిస్బేన్ నుంచి ఒకావిడ వచ్చింది. చాలా మర్యాదస్తురాలు. నివేదిక రెండుసార్లు చదివింది.

"నా ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇంత స్పష్టంగా రాసిన నివేదిక చూడలేదు, డాక్టర్ పాషా," అంది. "సాధారణంగా కారణం ఏమిటో తేలక నెలలు పడుతుంది. మీరు మాకు ఏ అనుమానమూ మిగల్చలేదు."

పాషా మొహం వెలిగింది. ఆ వెలుగు మూడు వారాలుంది. తరవాత ఉత్తరం వచ్చింది. రెండువేల సంవత్సరం మార్పు వల్ల గానీ, ఆ మార్పుకి భయపడి తీసుకున్న జాగ్రత్తల వల్ల గానీ కలిగిన నష్టానికి పాలసీ వర్తించదు. ఆధారం: డాక్టర్ మహబూబ్ పాషా గారి నివేదిక, అయిదో పేజీ. గదిలో ఫ్యాను ఆగిపోయిందని రాసి ఉంటే డబ్బు ఇచ్చేవాళ్ళు.

పాషా ఆ సంగతి ఫోన్‌లో కెవ్‌కి చెప్పాడు.

"నిజం రాశావు. మంచిది," అన్నాడు కెవ్. "ఈసారి నిజం రాయాలనిపిస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి."

సాకేత్‌కి కాన్‌బెర్రా కాంట్రాక్టు వచ్చింది. అక్కడే గంగాలిన్ పేటలో ఇల్లు కొన్నాడు. టూవూంబా గోదాం ప్రణాళిక వాడి అర్హతల పత్రంలో మొదటి పేజీలోనే ఉంది: కంప్యూటర్ వైఫల్యాలు, సున్నా. అదీ నిజమే. మరుసటి సంవత్సరం కంప్యూటర్ ఉద్యోగాలు ఎండిపోయినప్పుడు, ఉమామహేశ్వరరావు గారి గరాజులో కోబాల్ నేర్చుకున్నవాళ్ళలో ఇద్దరు బ్రిస్బేన్‌లో టాక్సీ నడిపారు. ఒకాయన మళ్ళీ పళ్ళు పీకడం మొదలుపెట్టి సుఖంగా ఉన్నాడు. పాషా అదే గోదాంలో, అవే నాలుగు గదుల్లో, లోడుకొక పెట్టె పక్కన పెట్టుకుంటూ ఉన్నాడు. సంతకం అడిగితే మాత్రం చదువుతాడు. పెళ్ళి కార్డు ఇచ్చినా వెనక్కి తిప్పి చూస్తాడని హమీదా అందరికీ చెబుతుంది.

2002లో డెస్ గోదాం అమ్మేసి గోల్డ్ కోస్ట్ వెళ్ళిపోయాడు. పాత బాకీలతో తమకి సంబంధం లేదని కొన్నవాళ్ళు రాశారు. గోదాం ఇప్పుడు తనది కాదు కాబట్టి తనకీ లేదని డెస్ రాశాడు. కెవ్ డూలన్‌కి అయిదు వేల ఆరు వందల డాలర్లు ఇంకా రావాలి.